శిల నుండి తరంగం వరకు: వైఖరీ వాక్కు ప్రస్థానం

వాక్కుకు నాలుగు పాదాలున్నాయనీ, వాటిలో మూడు నిగూఢమనీ, మనుష్యులు పలికేది నాల్గవదానిని మాత్రమేననీ ఋగ్వేదం తెలుపుతుంది. ఆ నాల్గవదే వైఖరి. మానవుడు నిర్మించిన సమాచార సాధనాలన్నీ ఈ వైఖరికి వాహనాలే. ఎగువ కృష్ణాసీమలో చిల్లకల్లు, జగ్గయ్యపేట పరిసరాలలో వీటి చరిత్రకు ఆద్యంతాలు రెండూ దర్శనమిస్తాయి.

ప్రథమ వాహనం గురుముఖం. జటా, ఘన పాఠాలలో పదాలను ముందుకు, వెనుకకు కలిపి వల్లిస్తారు గనుక ఒక్క స్వరం జారినా దోషం వెంటనే బయటపడుతుంది. సోమకాసురుడు అపహరించిన వేదాలే పర్వతరూపం ధరించాయని సమీపంలోని వేదాద్రి స్థలపురాణం. అయితే శిష్యపరంపర తెగితే శ్రుతి మౌనం వహిస్తుంది.

ద్వితీయ వాహనం శిల. క్రీ.శ. 3వ శతాబ్దంలో, ఇక్ష్వాకు ప్రభువు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో, సిద్ధార్థుడనే శిల్పి జగ్గయ్యపేట స్తూపం తూర్పు ద్వారాన ఐదు ఆయకస్తంభాలు నిలిపాడు. తల్లి, భార్య, సంతానం, సోదరుల పేర్లతో సహా, సర్వప్రాణుల హితసుఖాలకై ఈ దానమని ప్రాకృతంలో, బ్రాహ్మీలిపిలో చెక్కించాడు. శిల చెక్కుచెదరలేదు, కాని కాలక్రమంలో ఆ లిపిని చదవగలవారే కరవయ్యారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ రహస్యాన్ని ఛేదించాడు. 1882లో బర్జెస్ ఈ స్తూపాన్ని పరిశోధించాడు. ఆ పిమ్మటనే సిద్ధార్థుని వాక్కు మరల వినబడింది.

తరువాత తాళపత్రం, ముద్రణ, తపాలా, తంతి వచ్చాయి. తంతి సేవ 2013 జూలైలో ముగిసింది. నేడు జాతీయ రహదారిపై చిల్లకల్లు టోల్‌ప్లాజా వద్ద, వాహనపు అద్దానికి అంటించిన ఫాస్టాగ్ రేడియో తరంగాలతో యంత్రానికి సమాధానమిస్తుంది. 2021 ఫిబ్రవరి నుండి ఇది అనివార్యం. అక్కడ పలికేవారు లేరు, వినేవారు లేరు. సమాచారం మాత్రం క్షణంలో చేరుతుంది.

వేగం వైఖరికి చెందిన గుణం. వాక్కుకు మూలమైన భావం ఏ యంత్రం వలననూ శుద్ధి పొందదు. ఉద్వేగం కలిగించనిది, సత్యం, ప్రియం, హితం అయిన భాషణమే వాఙ్మయ తపస్సని గీత 17వ అధ్యాయం బోధిస్తుంది. సిద్ధార్థుడు ఒక్క సందేశం కోసం ఐదు స్తంభాలను నిలిపాడు. నేటి మానవుడు వ్రేలి కొనతో దినానికి పెక్కు సందేశాలు పంపుతున్నాడు. శ్రమ తగ్గినకొద్దీ విచక్షణ పెరగవలసి ఉంటుంది. పంపబోయే మాటలో పరహితం ఉన్నదా అని క్షణకాలం విచారించడమే ఈ యుగంలో సాధకునికి వాక్సంయమం.