గ్రహాలకు ఫోటో తీయడం: ఒక్క ప్లేటు నుండి వేల బొమ్మల వరకు

పెరటిలో చిన్న దూరదర్శిని నిలుపుకొని, దానికి కెమేరా తగిలించి, ఆకాశాన్ని ఫోటో తీయబూనినవాడు మొదట చంద్రుని వైపే తిప్పుతాడు. చంద్రుడు నిరాశపరచడు. గుంటలు, కొండలు, వాటి నీడలు మొదటి రాత్రే బొమ్మలో పడతాయి. ఆ ఉత్సాహంతో మరునాడు గురుగ్రహం మీదికి పోతాడు. కంటితో చూచినప్పుడు నిండు బింబం, దానిమీద రెండు మబ్బు పట్టెలు, పక్కన వరుసగా నాలుగు ఉపగ్రహాలు చక్కగా కనిపించినవి. ఫోటోలో మాత్రం అంచులు చెదరిన ఒక తెల్లని చుక్క! కెమేరా చెడిపోయినదేమో అని అనుమానిస్తాడు. కెమేరాలో దోషం లేదు. ఈ ఆశాభంగం పెద్ద పెద్ద వేధశాలలవారు కూడ నూరేళ్లకు పైగా అనుభవించినదే.

కారణం లెక్కలోనే ఉన్నది. ఒక డిగ్రీలో 3600వ వంతును సెకండు అంటారు (ఇది కోణానికి సంబంధించిన సెకండు, గడియారపు సెకండు కాదు). చంద్రబింబం అర డిగ్రీ, అనగా సుమారు 1800 సెకండ్లు. గురుడు మనకు మిక్కిలి దగ్గరగా వచ్చినప్పుడు కూడ 50 సెకండ్లు మాత్రమే. కుజుడు 2003 ఆగస్టులో, వేల సంవత్సరాలలో ఎన్నడూ రానంత దగ్గరకు వచ్చినప్పుడు సయితం 25 సెకండ్లకు పెరిగినాడు, అంతే. 2 మీటర్ల నాభ్యంతరం గల దూరదర్శినిలో 45 సెకండ్ల గురుబింబం ఎంత పడుతుందో విద్యార్థులే కట్టుకొనవచ్చు: 2000 మిల్లీమీటర్లను 45తో హెచ్చవేసి 2,06,265తో భాగిస్తే 0.44 మిల్లీమీటరు వస్తుంది. ఆవగింజ కంటె చిన్నది. మధ్యలో మరొక కటకం పెట్టి ఆ బింబాన్ని పెంచవచ్చు. కాని పెంచినకొద్దీ వెలుగు పలుచబడుతుంది, ఎక్కువసేపు ఫోటో తీయవలసి వస్తుంది. అక్కడ అడ్డుపడేది గాలి.

20 సెంటీమీటర్ల వ్యాసం గల దర్పణం, సిద్ధాంతరీత్యా, దాదాపు 0.6 సెకండు దూరంలో ఉన్న రెండు చుక్కలను వేరు చేసి చూపగలదు. మన నెత్తిమీది గాలి అందుకు ఒప్పుకోదు. వేడిగాలి, చల్లగాలి పొరలు కలిసి కదులుతూ ఉండడం వలన బింబం ఎప్పుడూ వణుకుతూ ఉంటుంది. పొయ్యిమీదుగా ఎదుటి గోడను చూస్తే గోడ అల్లలాడినట్లు కనిపించడంలేదా, అదే ఇది. సామాన్యమైన రాత్రులలో ఈ వణుకు వలన సూక్ష్మవివరాలు రెండు సెకండ్ల మేరకు అలుక్కుపోతాయి. అయితే నడుమ నడుమ, సెకండులో ఏ పదోవంతు కాలమో, గాలి నిలకడగా ఉంటుంది. ఆ క్షణంలో గ్రహం చెక్కినట్లు కనిపిస్తుంది. అనుభవజ్ఞుని కన్ను ఆ క్షణాన్నే పట్టుకొని, తక్కినదాన్ని వదలివేస్తుంది. ఫోటో ప్లేటుకు అటువంటి వివేకం లేదు. మంచి క్షణాన్నీ చెడ్డ క్షణాన్నీ ఒకేవిధంగా తనలో పోసుకొంటుంది.

1839లో డాగెర్ పద్ధతి లోకానికి వెల్లడి అయినది. మరుసటి సంవత్సరమే న్యూయార్కులో జాన్ విలియం డ్రేపర్ చంద్రుని ఛాయాచిత్రం తీసినాడు. అందుకు 20 నిమిషాలు పట్టినది. 1850లో హార్వర్డు వేధశాలలో అభిజిత్ నక్షత్రం ప్లేటుకు ఎక్కినది. ఇంగ్లండులో కాగితపు వ్యాపారి వారెన్ డి లా ర్యూ స్వయంగా 13 అంగుళాల దర్పణాన్ని తయారుచేసుకొని చంద్రుని అద్భుతంగా చిత్రించినాడు. 1870 తరువాత వచ్చిన జెలటిన్ పొడి ప్లేట్లు పాతవాటికంటె ఎంతో చురుకైనవి. వాటితోనే పారిశుధ్య ఇంజనీరు ఆండ్రూ ఐన్‌స్లీ కామన్, లండను శివారు ఈలింగులోని తన ఇంటి తోటలో 36 అంగుళాల దర్పణం నిలిపి, 1883 జనవరి 30న మృగశిరా మండలంలోని మహానీహారికను చిత్రించినాడు. కంటికి ఎన్నడూ అందని మసక వివరాలు ఆ ప్లేటులో కనిపించినవి. అప్పటినుండి నక్షత్రాల, నీహారికల విషయంలో ప్లేటుదే రాజ్యం. నవాబ్ జఫర్ జంగ్ స్థాపించగా హైదరాబాదులో వెలసిన నిజామియా వేధశాల కూడ అంతర్జాతీయ నక్షత్ర పటంలో తన వంతు భాగాన్ని ఫోటో ప్లేట్లతోనే పూర్తిచేసి, లక్షలకొద్దీ నక్షత్రాల స్థానాలను లెక్కించినది. మసక వస్తువు ముందు ప్లేటు ఓపికగా కూర్చుంటుంది, వెలుగు కూడబెడుతుంది. గ్రహానికి కావలసినది ఓపిక కాదు, చురుకుదనం. 1885-86లో పారిస్ వేధశాలలో పాల్, ప్రాస్పర్ హెన్రీ సోదరులు తీసిన గురు, శని గ్రహాల ఫోటోలు ఆ కాలానికి ఉత్తమమైనవి. అయినా ఒక మాదిరి దూరదర్శినితో పెన్సిలు చేతబట్టి కూర్చున్న పరిశీలకుడు వాటికంటె ఎక్కువే చూపగలిగేవాడు.

ఈ చిక్కుకు విరుగుడు మరొక అవసరం కోసం, మరొకచోట, ముందే పుట్టి ఉన్నది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియేర్ జాన్సెన్ పేరు తెలుగు దేశానికి కొత్తది కాదు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి ఆయన గుంటూరు వచ్చినాడు. గ్రహణం లేకపోయినా సూర్యుని అంచున లేచే జ్వాలలను వర్ణపటదర్శినితో చూడవచ్చునని ఆయన గ్రహించినది ఇక్కడనే. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోయే ఘట్టం వచ్చినది. శుక్రుడు సూర్యుని అంచును సరిగా ఏ క్షణంలో తాకినాడో తేలవలెను; దానినిబట్టి సూర్యుని దూరం లెక్కకు వస్తుంది. కంటితో చూచేవారు తలకొక కాలం చెప్పేవారు. (విశాఖపట్నంలో గోడె జగ్గారావుగారి వేధశాల నుండి ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు గమనించినది ఈ సంక్రమణాన్నే.) జాన్సెన్ జపానులోని నాగసాకికి పోతూ వెంట ఒక కొత్త యంత్రాన్ని తీసుకొనిపోయినాడు. రివాల్వరులో తూటాల చక్రం తిరిగినట్లు ఇందులో గుండ్రని ప్లేటు ఆగి ఆగి తిరుగుతుంది. 72 సెకండ్లలో 48 ఫోటోలు పడతాయి. ఒక్క ఫోటోను నమ్ముకోకుండా చాలా తీసి, అందులో కావలసినదాన్ని ఏరుకొనడం అనే ఆలోచన గ్రహాల విషయంలో మొదట ఇక్కడ కనిపిస్తుంది. ఈ యంత్రాన్ని చూచే మారే తన ఫోటో తుపాకిని 1882లో తయారుచేసినాడు. సినిమాకు పూర్వీకులలో అది ఒకటి.

ఇక కుజుని కథ. 1877లో ఇటలీకి చెందిన స్కియాపరెల్లి కుజునిమీద సన్నని గీతలను చూచినాననినాడు. అమెరికా ధనికుడు పెర్సివల్ లోవెల్ అవి బుద్ధిజీవులు తవ్విన కాలువలని నమ్మి, 1894లో ఆరిజోనా రాష్ట్రం ఫ్లాగ్‌స్టాఫ్‌లో వేధశాల కట్టించినాడు. చూచినవారు చూచినామన్నారు, చూడనివారు లేవన్నారు. వివాదం తీర్చగలది ఫోటో ఒక్కటే అని ఇరుపక్షాలకూ తోచినది. 1905లో లోవెల్ సహాయకుడు ల్యాంప్లండ్ 24 అంగుళాల దూరదర్శినితో ఆ పనికి పూనుకొన్నాడు. కటకానికి అడ్డుబిళ్ళ పెట్టి నోరు తగ్గించినాడు, పసుపు గాజు వాడినాడు, ఒకే ప్లేటుమీద వరుసలు వరుసలుగా అనేక బింబాలు తీసినాడు, ఏదో ఒకటి మంచి క్షణంలో పడకపోదని. 1907లో డేవిడ్ టాడ్, ఎర్ల్ స్లైఫర్ దక్షిణ అమెరికాలోని చిలీ ఎడారికి పోయి కుజుని పదమూడు వేలకు పైగా బింబాలు పట్టుకొనివచ్చినారు.

వివాదం తీరలేదు. ప్లేటుమీద కుజుడు కొద్ది మిల్లీమీటర్ల బింబం. ఫోటో పూత రేణువులు ఆ వివరాలంత పెద్దవి. పత్రికలలో అచ్చువేసేసరికి ఉన్న వివరం కూడ మాసిపోయేది. లోవెల్ ఆ బొమ్మలలోనే కాలువలను చూచినాడు. ఇతరులు అదే బొమ్మలో మచ్చలు మాత్రమే చూచినారు. ఫోటో అబద్ధం చెప్పదని అంటారు గాని, సగం సగం చెప్పే ఫోటో చూచేవాని నోటితోనే తక్కిన మాట పలికిస్తుంది. 1909లో పారిస్ దగ్గరి మ్యూడాన్‌లో 83 సెంటీమీటర్ల దూరదర్శినికి కన్ను ఆనించి ఆంటోనియాడి కుజుని చూచినాడు. గాలి నిలకడగా ఉన్న రాత్రులలో గీతలు విడిపోయి చిన్న చిన్న మచ్చల గుంపులైనవి. 1965 జూలైలో మారినర్ 4 దగ్గరినుండి బొమ్మలు పంపినప్పుడు గుంటలు కనిపించినవి, కాలువలు లేవు. లోవెల్ పక్షం ఓడినది. కాని ఆ పక్షంవారి పని విధానం మిగిలినది. స్లైఫర్ తరువాతి కాలంలో మంచి నెగెటివులను ఏరి, వాటిని సరిగా ఒకదానిపై ఒకటి వచ్చేటట్లు ఒకే కాగితంమీద అచ్చువేసేవాడు. రేణువులు ప్రతి నెగెటివులో వేరువేరు చోట్ల ఉంటాయి, గ్రహంమీది మచ్చ అన్నింటిలోనూ ఒకేచోట ఉంటుంది. కలిపితే రేణువులు మాసిపోయి మచ్చ మిగులుతుంది.

మంచి క్షణం ఎంత అరుదు? ఈ ప్రశ్నకు 1978లో డేవిడ్ ఫ్రీడ్ గణితంతో సమాధానం చెప్పినాడు. గాలి నిలకడను ఒక పొడవుతో కొలవవచ్చు. మంచి రాత్రి అది పది సెంటీమీటర్లనుకొందాం. దూరదర్శిని వ్యాసం దీనికి ఏడు రెట్లయితే, అనగా 70 సెంటీమీటర్లయితే, మూడు నాలుగు వందల క్షణికచిత్రాలలో ఒకటి నిర్దోషంగా ఉంటుంది. పది రెట్లయితే పది లక్షలలో ఒకటి! వ్యాసం తగ్గినకొద్దీ అదృష్టం హెచ్చుతుంది. పెరటిలోని 20, 30 సెంటీమీటర్ల దర్పణం ఇక్కడ పేదది కాదు. దానికి మంచి క్షణాలు పుష్కలంగా దొరుకుతాయి. దొరికినవాటిని పట్టుకొనే కెమేరా అప్పటికి ఔత్సాహికుల చేతిలో లేకపోయినది.

ఆ కెమేరా ఆకాశం కోసం పుట్టలేదు. 1969లో బెల్ లేబరేటరీలో బాయిల్, స్మిత్ కనిపెట్టిన సి.సి.డి. బిళ్ళ కాలక్రమాన చౌకబడి, కంప్యూటరు ముందు కూర్చుని దూరాన ఉన్నవారితో ముఖాముఖి మాట్లాడుకొనే చిన్న వెబ్ కెమేరాలలోకి వచ్చినది. ఈ శతాబ్ది ఆరంభంలో కొందరు ఔత్సాహికులు ఆ కెమేరా కటకాన్ని పీకివేసి దూరదర్శినికి తగిలించినారు. హాలండుకు చెందిన కోర్ బెరెవూట్స్ అనే ఔత్సాహికుడు రిజిస్టాక్స్ అనే ప్రోగ్రాం వ్రాసి ఉచితంగా ఇచ్చినాడు. వేల బొమ్మలలో పదునైనవాటిని అది తానే ఏరుతుంది, ఒకదానిపై ఒకటి పేర్చి సగటు కడుతుంది. స్లైఫర్ చీకటిగదిలో గంటలకొద్దీ చేసిన పని ఇది.

ఈనాటి ప్రారంభకుడు చేసేది ఇంతే. సెకండుకు 60 బొమ్మల చొప్పున రెండు నిమిషాలు తీస్తే 7200 బొమ్మలు. అందులో 900 ఏరి సగటు కడితే, ఒక్క బొమ్మలో ఉండే రేణువుల గరుకు ముప్పయ్యో వంతుకు తగ్గుతుంది. 900కు వర్గమూలం 30 కదా. మరి గంటసేపు ఎందుకు తీయరాదు? గురుడు పది గంటలలోపే తనచుట్టు తాను తిరుగుతాడు. బింబం నడుమనున్న మచ్చ నిమిషానికి దాదాపు పావు సెకండు కోణం జరుగుతుంది. మూడు నిమిషాలు దాటితే 20 సెంటీమీటర్ల దర్పణం చూపగల వివరం ఆ జరుగుడులోనే చెరిగిపోతుంది. తక్కిన జాగ్రత్తలు మామూలువి: గ్రహం నడినెత్తికి వచ్చేవరకు ఆగవలెను, దర్పణాన్ని గంట ముందే బయట పెట్టి చల్లారనీయవలెను, పగలంతా కాగిన సిమెంటు డాబా కంటె పచ్చిక నేల మేలు.

ఈ పద్ధతి ఎంత దూరం పోయినదో చెప్పడానికి ఒక రాత్రి చాలు. 2009 జూలై 19న ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా సమీపంలోని మరంబేట్‌మన్ గ్రామంలో, కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసే ఆంటొనీ వెస్లీ తన 14.5 అంగుళాల దూరదర్శినితో గురుని చిత్రిస్తున్నాడు. గాలి బాగాలేదు. విసిగి కొంతసేపు లోపలికి పోయి టెలివిజనులో క్రికెట్టు, గోల్ఫు చూచినాడు. తిరిగి వచ్చేసరికి దక్షిణధ్రువం దగ్గర అంతకుముందు లేని నల్లమచ్చ ఒకటి అంచునుండి తిరిగి వస్తున్నది. ఉపగ్రహపు నీడ అనుకొందామా అంటే ఆ చోట ఆ సమయంలో నీడ పడడానికి వీలులేదు. వెంటనే తెలిసినవారందరికీ వార్త పంపినాడు. మరునాడు హవాయి ద్వీపంలోని నాసా పరారుణ దూరదర్శిని ఆ మచ్చ నిజమేనని, ఏదో వస్తువు ఢీకొన్న గుర్తేనని చెప్పినది. జూలై 23న హబుల్ దూరదర్శిని దాన్ని చిత్రించినది. 1994లో షూమేకర్-లెవీ తోకచుక్క ముక్కలు గురుని ఢీకొనడం ముందే తెలిసి లోకమంతా కనిపెట్టుకొని ఉన్నది. ఈసారి పెద్ద వేధశాలలలో ఎవరికీ తెలియదు.

మరుసటి సంవత్సరం జూన్ 3న వెస్లీ గురుని చిత్రిస్తుండగా బింబంమీద రెండు సెకండ్లపాటు ఒక మెరుపు మెరిసినది. మచ్చ ఏదీ మిగలలేదు. ఒక్క కెమేరాలో కనిపించిన మెరుపు కెమేరా దోషం కావచ్చు. ఫిలిప్పీన్స్‌లోని సెబూ నగరంలో క్రిస్టొఫర్ గో అనే ఔత్సాహికుడు ఈ వార్త విన్నాడు. 2006లో గురునిమీది ఒక తెల్ల సుడి ఎర్రబడినదని ముందుగా గుర్తించినవాడు ఇతడే. ఆ రాత్రి తాను కూడ గురుని చిత్రించినాడు గనుక వెంటనే తన బొమ్మలను వెదకినాడు. అదే క్షణానికి, అదే చోట, అతని బొమ్మలలో కూడ మెరుపు ఉన్నది. ఆ రెండు చిత్రావళులలోని వెలుగును కొలిచి, గురుని వాతావరణంలో కాలిపోయిన ఆ రాయి 8 నుండి 13 మీటర్ల వ్యాసం గలదని శాస్త్రజ్ఞులు అదే సంవత్సరం లెక్కకట్టినారు.