పంపకాల లెక్కలో మేం

దేశం చీలితే సరిహద్దు గీస్తే సరిపోదు, ఖాతా పుస్తకం కూడా చీల్చాలి. 1947లో ఖజానా రొక్కంలో 75 కోట్ల రూపాయలు పాకిస్తాన్ వంతుకొచ్చాయి. ఉమ్మడి అప్పులో 17.5 శాతం దాని నెత్తిన పడింది. ఆపిన 55 కోట్ల రొక్కాన్ని 1948 జనవరిలో, గాంధీ నిరాహారదీక్ష రోజుల్లో, విడుదల చేశారు. అప్పు వాటా మాత్రం దశాబ్దాలపాటు మన బడ్జెట్ పత్రాల్లో 300 కోట్ల బాకీగానే మిగిలింది.

ఆ దేశం దగ్గర వసూలు కాలేదు. వసూలైంది వెళ్లకుండా ఉండిపోయిన మా దగ్గర. మహమూదాబాద్ రాజా పాకిస్తాన్ పౌరుడయ్యాడు. కొడుకు భారత పౌరుడిగా ఇక్కడే ఉన్నాడు. అయినా ఆస్తి ‘శత్రు ఆస్తి’ అయింది. 2005లో సుప్రీంకోర్టు కొడుక్కి ఇప్పించింది. 2017 చట్ట సవరణ వారసుల హక్కునే తుడిచేసింది.

రాజులకే ఈ గతైతే రెండు గదుల ఇళ్లవాళ్ల సంగతేమిటి? ఉండిపోయినవాడు వారసుడా, శత్రువా? ముందు ఆ లెక్క తేల్చమంటున్నాం.