మధుమేహ గణనము: ఒక పరిశోధన పత్రము యొక్క ఉల్లేఖన చరిత్ర

మూలము లేని మాట యొక్కటియు వ్రాయనని వ్యాఖ్యానారంభమున ప్రతిన చేసినవాడు కోలాచల మల్లినాథసూరి. తెలుగుదేశమున జన్మించిన ఆ మహావ్యాఖ్యాత కాళిదాస కావ్యములకు అర్థము చెప్పుచు, అడుగడుగున కోశములను, శాస్త్రములను, పూర్వాచార్యులను పేర్కొనెను. నేటి శాస్త్రజ్ఞులు పాటించు సంప్రదాయమును ఇట్టిదే. ఒకరి పరిశోధన పత్రమును మరియొకరు ఆధారముగా పేర్కొనుటకు ఉల్లేఖనమని పేరు. ఒక పత్రమును ఎందరు ఉల్లేఖించిరో లెక్కించినచో, లోకమునందు దాని ప్రభావము కొంతవరకు తెలియును.

ఈ లెక్కను శాస్త్రముగా తీర్చిన వాడు అమెరికా దేశీయుడగు యూజీన్ గార్‌ఫీల్డు. 1955లో ఆయన ఉల్లేఖన సూచికను ప్రతిపాదించెను. తరువాతి దశాబ్దమున అది అచ్చుపడెను. అత్యధికముగా ఉల్లేఖింపబడిన పత్రములను గూర్చి ఆయన కూర్చిన పట్టికలలో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు కలదు. రక్తమునందలి భాస్వరమును కొలుచు విధానమును గూర్చి ఫిస్క్, సుబ్బారావులు 1925లో ప్రకటించిన పత్రమది. సుబ్బారావు 1948లో మరణించెను. ఆ పిమ్మటను దశాబ్దములపాటు ప్రయోగశాలలలో ఆయన పేరు వినబడుచునే యుండెను.

మధుమేహ పరిశోధనమునందు అట్టి ప్రఖ్యాతి గాంచిన పత్రము 2004 మే నెలలో 'డయాబిటిస్ కేర్' పత్రికయందు వెలువడెను. స్కాట్లండు దేశపు ఎడింబరో విశ్వవిద్యాలయ పరిశోధకురాలు సారా వైల్డ్ దానికి ప్రథమ రచయిత్రి. రోగ్లిచ్, గ్రీన్, సిక్రీ, కింగ్ అనువారలు సహరచయితలు. 2000 సంవత్సరమున ప్రపంచమున 17 కోట్ల 10 లక్షల మంది మధుమేహ రోగులు కలరనియు, 2030 నాటికి వారి సంఖ్య 36 కోట్ల 60 లక్షలు కాగలదనియు ఆ పత్రము తెలిపెను. భారతదేశమున 3 కోట్ల 17 లక్షలుగా నున్న సంఖ్య 7 కోట్ల 94 లక్షలగునని అంచనా కట్టెను. ఈ పత్రమును ఉల్లేఖించిన రచనలు పదివేలకు మించినవి.

ఇంతటి వ్యాప్తికి కారణమేమి? మధుమేహమును గూర్చి వ్రాయు వైద్యుడు కంటిని గూర్చి వ్రాసినను, మూత్రపిండములను గూర్చి వ్రాసినను, ఔషధమును గూర్చి వ్రాసినను, మొదటి వాక్యమున రోగము యొక్క విస్తృతిని చెప్పవలయును. ఆ వాక్యమునకు ఒక అంకె కావలయును. దేశదేశముల లెక్కలను ఒక్కచోట కూర్చిన ఈ పత్రము అందరికిని చేతికందిన నిఘంటువైనది. ఐనను నిఘంటువును తిరుగవేసినవారందరును దాని పీఠికను చదివినవారు కారు.

ఆ పీఠిక వంటి హెచ్చరికలు పత్రమునందే కలవు. 191 దేశములకు సంఖ్యలు చెప్పబడినను, సర్వేలు జరిగిన దేశములు కొన్నియే; మిగిలిన వానికి పొరుగు దేశముల లెక్కలనే అన్వయించిరి. ఆయా వయస్సులలో వ్యాధి నిష్పత్తి మారదని భావించి, జనాభా పెరుగుదలను, వృద్ధుల సంఖ్యను, పట్టణవాసమును మాత్రమే గణించిరి. స్థూలకాయము పెరిగినచో తమ అంచనా తక్కువ యగునని రచయితలే చెప్పిరి. అట్లే జరిగెను. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2011లోనే 36 కోట్ల 60 లక్షల సంఖ్యను ప్రకటించెను. భారతదేశమున 10 కోట్ల 10 లక్షల మంది కలరని భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే 2023లో తెలిపెను. కొలచిన పద్ధతులు వేరగుటచే ఈ సంఖ్యలను సరిసమానముగా పోల్చరాదు. ఐనను వేలకొలది మంది ఉల్లేఖించిన హెచ్చరిక వ్యాధిని ఆపలేదన్నది మాత్రము స్పష్టము.

పెద్ద సంఖ్యలకు పునాదులు చిన్న గ్రామములలో నుండును. 1985లో మాథర్, కీన్ అను వైద్యులు లండనులోని సౌతాల్ ప్రాంతమున ఇంటింటి సర్వే జరిపి, ఐరోపీయులకంటె ఆసియావాసులలో మధుమేహము దాదాపు నాలుగు రెట్లు కలదని చూపిరి. ఆ మాథర్ పేరే 1989లో పి. వి. రావు ప్రభృతులు ప్రకటించిన ఏలూరు సర్వేలోను కానవచ్చును. ఆంధ్రదేశపు గ్రామీణులలో తమకు మధుమేహము కలదని ఎరిగినవారిని మాత్రమే ఆ సర్వే లెక్కించెను. వారు నూటికి ఇద్దరికి లోపే. తెలియక రోగమును మోయుచున్నవారు ఆ లెక్కకు రాలేదు. మూడు పుటల ఆ పత్రమునకు సారా వైల్డ్ పత్రమునకున్న ఖ్యాతి లేదు. కాని గుమ్మము ముందు నిలిచిన పరిశోధకునకు జవాబు చెప్పిన పల్లె ప్రజ లేనిదే ఏ ప్రపంచ సంఖ్యయు పుట్టదు. ఉల్లేఖన సూచిక రచయితలను లెక్కించును. జవాబు చెప్పినవారిని లెక్కింపదు.

కోయంబత్తూరు నుండి మేట్టుపాళయమునకు పోవు దారియందున్న తుడియలూరులోను, మదురై ప్రాంతమునను తరతరములుగా నివసించు తెలుగువారికి ఈ చరిత్రతో పని కలదు. భారత వైద్య పరిశోధన మండలి సర్వే తొలి ఘట్టమున, 2011లో వెలువడిన ఫలితములనుబట్టి, తమిళనాట వయోజనులలో నూటికి 10.4 మంది మధుమేహ రోగులు. ఆ లెక్క రాష్ట్రమునుబట్టి కట్టినది, మాతృభాషనుబట్టి కాదు. తెలుగు మాటలాడు కుటుంబములు ఆ అంకెలోనే కలసియున్నవి. వారికి వేరు పంక్తి లేదు. వ్యాధియు భాష నడిగి రాదు.

మల్లినాథుడు మూలమును చూపినది పాఠకుడు దానిని తెరచి చూచుటకే. మధుమేహ గణనము విషయమున ఆ మూలము గ్రంథాలయమున లేదు, ప్రతి యింటిలోను కలదు. రక్తపరీక్ష చేయించుకొని తన స్థితిని తానెరిగిన ప్రతి మనుష్యుడును ఏలూరు సర్వే నాడు లెక్కకు రాక మిగిలినవారి నుండి వేరుపడును. ఆ ఎరుక కలిగించినప్పుడే పదివేల ఉల్లేఖనములకు సార్థక్యము.