ఇంతెజార్‌కు ఉజ్రత్ ఎవరిస్తారు?

మొన్న శనివారం మగ్రిబ్ తర్వాత టోలిచౌకీలో మా అన్న కొడుకు కనిపించాడు. బిర్యానీ హోటల్ ముందు పది పన్నెండు బండ్లు, వాటి మీద పది పన్నెండు మంది పిల్లలు, అందరి చూపూ ఫోన్లలోనే. ఆర్డర్ కోసం ఇంతెజార్. నన్ను చూసి బండి దిగి సలాం చేశాడు. ఎంతసేపైందిరా అంటే ముప్పావుగంట అన్నాడు. మరి ఈ ముప్పావుగంటకు ఏమిస్తారని అడిగాను.

"కైకూ దేతే చాచా? నేను నౌకర్‌ని కాదు కదా, పార్ట్‌నర్‌ని" అని నవ్వాడు. ఆ నవ్వు అయిపోయాక కాస్త సంజీదాగా అడిగాడు: "మీరు అఖ్బారోళ్లు కదా, మీరే చెప్పండి. నేను నౌకర్‌నా, మాలిక్‌నా?"

అంతలో వాడి ఫోన్ మోగింది, వెళ్లిపోయాడు. నేను జవాబు వెతుక్కుంటూ ఇంటికొచ్చాను. ఫోన్ కొత్తదే గానీ ఆ సవాల్ కొత్తది కాదు. మా అబ్బా జిందగీ మొత్తం ఆ సవాల్ మీదే గడిచింది.

అబ్బా దర్జీ. బజార్లో ఓ సేఠ్ దుకాణంలో కుట్టేవారు. దుకాణం సేఠ్‌ది, మిషన్ సేఠ్‌ది, గిరాకీ సేఠ్‌ది. బట్ట కత్తిరించేది మాస్టర్. అబ్బాది కుట్టు మాత్రమే. ప్యాంటుకింత, బుషర్టుకింత, షేర్వానీకింత. నెల జీతం లేదు. షాబాన్ సగం నుంచి చాంద్‌రాత్ దాకా మాకు ఆయన సహెరీ వేళ తప్ప కనిపించేవారు కాదు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి పొద్దంతా ఖాళీ మిషన్ ముందు కూర్చుని ఉత్త చేతులతో వచ్చేవారు. కూర్చున్నందుకు పైసా లేదు. కాలర్ వంకరపోతే విప్పి మళ్లీ కుట్టాలి, బట్ట చెడిపోతే దాని ధర కమాయిలోంచి కోత. ఇంట్లో మాత్రం సొంత మిషన్ ఒకటుండేది. జుమా నాడు మొహల్లా వాళ్ల బట్టలు దాని మీద కుట్టేవారు. ఆ డబ్బులు అమ్మీ చేతిలో పెట్టేటప్పుడు "ఇది నా దుకాణం కమాయి" అనేవారు. అప్పుడు మాకు హాస్యంగా ఉండేది. ఆ రెండు మిషన్ల మధ్య ఎంత ఫర్క్ ఉందో ఇప్పుడు తెలుస్తోంది.

నేను కూడా అదే దారిలో వచ్చాను. మొదట్లో మండల విలేఖరిగా ఓ పత్రికకు రాసేవాణ్ని. లైన్ అకౌంట్ అనేవాళ్లు, అచ్చయిన లైన్లకే లెక్క. నీళ్ల లొల్లి మీద కలెక్టరేట్ ముందు రోజంతా నిలబడి వార్త పంపితే, అది ఆరు లైన్లయి వచ్చేది. ఆ ఆరు లైన్లకే డబ్బు, నిలబడినందుకు కాదు. ఐడెంటిటీ కార్డు ఇచ్చారు గానీ దాని వెనక 'సంస్థ ఉద్యోగి కాదు' అని చిన్న అక్షరాల్లో రాసి ఉండేది.

మన పెద్దలకు నౌకరీ అంటే ఎందుకంత ఇష్టమో ఇక్కడ ఓ మాట చెప్పుకోవాలి. నిజాం జమానాలో ఈ షహర్‌లో మన ఖాందాన్లు చాలావరకు సర్కారీ ములాజిమత్ మీద, ఫౌజు మీద, జాగీర్ల మీద బతికాయి. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది, 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. నెల నెలా తన్‌ఖా అందుకున్న ఇళ్ల పిల్లలు కిరాయి రిక్షాలకు, చిల్లర దుకాణాలకు, మిషన్లకు వచ్చారు. అంటే ఖుద్‌ముఖ్తారీ మనలో చాలామందికి శౌఖ్ కొద్దీ రాలేదు, మజ్బూరీ కొద్దీ వచ్చింది.

అయితే నౌకర్‌కూ ఖుద్‌ముఖ్తార్ కారీగర్‌కూ తేడా ఏమిటన్న బహస్ మన ఫిఖ్హ్ కితాబుల్లో చాలా పాతది. పన్నెండో శతాబ్దంలో బుర్హానుద్దీన్ మర్గీనానీ రాసిన హిదాయాలో ఇజారా బాబ్ తెరిస్తే పనివాళ్లు రెండు రకాలుగా కనిపిస్తారు. ఒకరు అజీరె ఖాస్, ఒక్కరి దగ్గరే పనికి కుదిరినవాడు. ఇంకొకరు అజీరె ముష్తరక్, అందరికీ పని చేసేవాడు, అంటే రంగులద్దేవాడు, చాకలి వంటివారు. ఇందులో అసలు మాట ఉజ్రత్ గురించి. ఖాస్ తన వక్త్‌ను అప్పగించాడు కాబట్టి, మాలిక్ పని చెప్పకపోయినా అతనికి ఉజ్రత్ దక్కుతుంది. ముష్తరక్‌కు పని పూర్తి చేస్తేనే దక్కుతుంది. ఉస్మానీ సల్తనత్‌లో 1869 నుంచి 1876 దాకా తయారైన మజల్లా అనే ఖానూన్ కూడా ఇదే ఫర్క్ చూపింది. ముష్తరక్‌ల ఫెహ్రిస్త్‌లో అది దర్జీని చేర్చింది, హమాలీని చేర్చింది, కిరాయి బండి తోలేవాణ్ని కూడా చేర్చింది.

అంటే ఆ లెక్కన మా అబ్బా, మా వాడు ఇద్దరూ ముష్తరక్‌లే, ఇంతెజార్‌కు ఉజ్రత్ లేదు అనేయొచ్చు. కంపెనీల వకీళ్లు వాదించేదీ దాదాపు అదే. కానీ ముష్తరక్ ఎందుకు ముష్తరక్ అయ్యాడో చూడాలి. రంగులద్దేవాడి దుకాణం అతనిదే. రేటు అతను చెబుతాడు. గిరాకీ అతని ముఖం చూసి వస్తుంది, ఒకరు పోతే ఇంకొకరు వస్తారు. ఆ ఆజాదీకి బదులుగానే ఖాళీ రోజుల నుక్సాన్ అతను భరిస్తాడు. అతని చేతిలో బట్ట పోతే ఎవరి జిమ్మేదారీ అన్న దానిపై కూడా ఇమామ్ అబూ హనీఫాకూ, ఆయన షాగిర్దులు అబూ యూసుఫ్, ముహమ్మద్‌లకూ ఇఖ్తెలాఫ్ ఉంది. కారీగర్ కసూర్ లేనప్పుడు అది అమానత్, తావాన్ లేదని ఉస్తాద్ అన్నారు. ఉంటుందని, అగ్నిప్రమాదం లాంటి తప్పించుకోలేని ఆఫత్ అయితే వేరని షాగిర్దులు అన్నారు. అన్ని వందల ఏళ్ల కింద ఇంత బారీకీగా ఆలోచించారు. ఇవాళ సాంబారు పొట్లం ఒలికితే ఆ డబ్బు రైడర్ ఖాతాలో కోసేయడానికి ఓ బటన్ చాలు.

ఇంట్లో మిషన్ మీద అబ్బా ముష్తరక్. సేఠ్ దుకాణంలో? ఆ ప్రశ్న అదాలత్ దాకా వెళ్లింది. మా అబ్బా వల్ల కాదు, మన ఇలాకాలోనే ఇంకో దర్జీ దుకాణం వల్ల. దాని పేరు సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్. తెలంగాణ ప్రాంతానికి 1951లో దుకాణాలు, సంస్థల చట్టం ఒకటి వచ్చింది. పని గంటలు, సెలవులు దాని కిందివే. తమ దగ్గర కుట్టేవాళ్లకు ఆ చట్టం వర్తించదు, వాళ్లు నౌకర్లు కారు అని యాజమాన్యం వాదన. కేసు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టుకు చేరింది, 1973లో ఫైసలా వచ్చింది. జస్టిస్ కె.కె. మాథ్యూ అందులో దర్జీల హాల్ రాసిన తీరు చదువుతుంటే నాకు మా అబ్బా కళ్లముందు మెదిలారు. పీస్ రేటు. పని ఉంటేనే పని. హునర్‌ను బట్టి, కుట్టే వస్త్రాన్ని బట్టి రేటు. రాని రోజు సెలవు చీటీ రాయక్కర్లేదు, చెప్పను కూడా చెప్పక్కర్లేదు. పని లేకపోతే దుకాణం మూసే ముందే వెళ్లిపోవచ్చు. కొందరు మాలిక్ ఇజాజత్‌తో బట్ట ఇంటికి తీసుకెళ్తారు. ఇవన్నీ యాజమాన్యానికి అనుకూలంగా కనిపించే మాటలే.

అయినా అదాలత్ వేరే వైపు చూసింది. ఎలా కుట్టాలో చెప్పేది మాలిక్. నచ్చకపోతే తిప్పికొట్టి మళ్లీ కుట్టమనేది మాలిక్. చెప్పినట్టు కుట్టనివాడికి ఆ తర్వాత పని దొరకదు. మిషన్లు మాలిక్‌వి, జాగా మాలిక్‌ది. పనిని తిరస్కరించే హక్కు ఉందంటే అదే హుకూమత్ అంది. రోజంతా ఉండాలన్న షరతు లేకపోవడం పెద్ద విషయం కాదంది. ఒక మనిషి ఒకరికన్నా ఎక్కువ మాలిక్‌ల దగ్గర కూడా నౌకర్ కావచ్చంది. కాబట్టి ఆ దర్జీలు చట్టం కింద పనివాళ్లే.

ఇప్పుడు ఈ మాటల్లో మిషన్ తీసి యాప్ పెట్టి చూడండి. మా వాడికి రేటు చెప్పేది ఎవరు? గిరాకీ ఎవరిది? నక్షత్రాలు తగ్గితే ఐడీ బంద్ చేసేది ఎవరు? బండి, పెట్రోల్ మాత్రం వాడివి. ఆ లెక్కన వాడు మా అబ్బా కన్నా ఓ మెట్టు కిందే ఉన్నాడు. హుకుం విషయంలో ఖాస్, నుక్సాన్ విషయంలో ముష్తరక్. రెండు వైపులా భారమున్న ముక్కే వాడి వంతుకు వచ్చిందని నాకనిపిస్తుంది.

దర్జీల కన్నా ముందు ఈ లడాయి చేసినవాళ్లు బీడీ మజ్దూర్లు. నిజామాబాద్, కరీంనగర్ వైపు మన ఇళ్లలో ఎందరో అమ్మీలు, ఖాలాలు చేటలో తునికాకు, తంబాకు పెట్టుకుని పిల్లల్ని పెంచారు. ఇంట్లో చుడుతున్నారు, ఎప్పుడు చుట్టినా అడిగేవాడు లేడు, కాబట్టి ఖుద్‌ముఖ్తార్లు అని కంపెనీల మాట, మధ్యలో ఠేకేదార్. 1960, 61లలో సుప్రీంకోర్టు కూడా రెండు బీడీ కేసుల్లో రెండు వైపులకు వెళ్లింది. నాగ్‌పూర్ కేసులో నాసిరకం బీడీలు తీసేసే హక్కు మాలిక్‌కు ఉంది కాబట్టి వీళ్లు పనివాళ్లే అంది. ఇంకోదాంట్లో మర్జీ వచ్చినప్పుడు వచ్చిపోయేవాడు పనివాడు కాడంది. అప్పుడు పార్లమెంటు 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం తెచ్చి, ముడిసరుకు తీసుకుని ఇంట్లో చుట్టేవారు కూడా ఉద్యోగులే అని సాఫ్‌గా రాసేసింది. కంపెనీలు దాని మీదా కోర్టుకెక్కాయి. 1974లో ఓడిపోయాయి. ప్రావిడెంట్ ఫండ్ మీద ఎక్కాయి, 1985లో అదీ ఓడిపోయాయి. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు జీవన భృతి ఇచ్చినప్పుడు ఆ పీఎఫ్ నంబరే సబూత్ అయింది. ఇంటి అరుగు మీద కూర్చుని చుట్టినా ఆమె ఎవరి దగ్గర పని చేసిందో ఆ కాగితం చెప్పింది.

యాప్‌ల సంగతికొస్తే, నీతి ఆయోగ్ 2022 రిపోర్టు ప్రకారం 2020–21లో దేశంలో 77 లక్షల మంది గిగ్ కార్మికులున్నారు, 2029–30 నాటికి 2.35 కోట్లు అవుతారని అంచనా. 2020 సామాజిక భద్రతా కోడ్‌లో మొదటిసారి వాళ్ల పేరు చట్టంలోకెక్కింది. కానీ ఎలా ఎక్కింది? సంప్రదాయ యజమాని, ఉద్యోగి రిశ్తాకు బయట పనిచేసేవారు అని. కంపెనీలు తమ సాలానా టర్నోవర్‌లో ఒకటి నుంచి రెండు శాతం ఓ నిధికి ఇవ్వాలి, అదీ ఈ పనివాళ్లకు చెల్లించేదాంట్లో అయిదు శాతం మించకుండా. ఈ కోడ్ అమల్లోకొచ్చింది 2025 నవంబర్ 21న. రాజస్థాన్ 2023లోనే సొంత చట్టం చేసింది, మన తెలంగాణ 2025లో ముసాయిదా బిల్లు జనం ముందు పెట్టింది. బీమా, రిజిస్ట్రేషన్ మంచివే, కాదనను. అయితే కేంద్రం కోడ్ బీడీ చట్టం చేసిన ఒక్క పని చేయలేదు. 'వీళ్లు పనివాళ్లే' అనలేదు. అందుకే ఇంతెజార్ మాట అందులో ఎక్కడా రాదు.

ఆ మాట వచ్చింది లండన్‌లో. యాసీన్ అస్లమ్, జేమ్స్ ఫారర్ అనే డ్రైవర్లు ఉబర్ మీద వేసిన కేసులో 2021 ఫిబ్రవరి 19న బ్రిటన్ సుప్రీంకోర్టు ఫైసలా ఇచ్చింది. డ్రైవర్ తన ఇలాకాలో యాప్ ఆన్ చేసి, ట్రిప్ తీసుకోవడానికి తయారుగా ఉన్న వక్త్ అంతా పని వేళే అంది. ఇది చదివినప్పుడు నాకు హిదాయాలోని అజీరె ఖాస్ గుర్తొచ్చాడు. వక్త్ అప్పగించినవాడికి వక్త్‌కు ఉజ్రత్.

పోయిన జుమా రోజు నమాజ్ తర్వాత మా వాడికి ఇదంతా చెప్పాను. సబర్‌గా విన్నాడు. వాడి మాటా వినాలి కదా. "చాచా, ఇంతకుముందు మాల్‌లో నౌకరీ చేశాను. పన్నెండు గంటలు నిలబడాలి, జుమాకు ఇజాజత్ అడగాలి, అమ్మీని దవాఖానాకు తీసుకెళ్తే జీతం కోత. ఇక్కడ యాప్ బంద్ చేసి వచ్చేశాను చూడండి. మళ్లీ నౌకరీ నక్కో" అన్నాడు. అది అబద్ధం కాదు. సిల్వర్ జూబిలీ దర్జీలు కూడా చీటీ రాయకుండానే సెలవు పెట్టేవారు, ఆ ఆజాదీ ఉంచుకునే వాళ్లు హక్ గెలిచారు అన్నాను.

"మరి దాదాకు దొరికిందా ఆ హక్?" అని అడిగాడు.

దొరకలేదు. ఆ ఫైసలా వచ్చాక కూడా అబ్బా చాలా ఏళ్లు కుట్టారు. సేఠ్ ఏ రిజిస్టర్‌లోనూ ఆయన పేరు రాయలేదు. అలాంటి ఫైసలా ఒకటుందని అబ్బాకు చెప్పినవాళ్లు లేరు. ఆయన ఇంతెకాల్ అయిన చాలా రోజులకు, వేరే వార్త కోసం వెతుకుతుంటే నాకది కనబడింది.

వాడేమీ అనలేదు. నిన్న రాత్రి మాత్రం వాట్సాప్‌లో ఓ నోట్‌బుక్ పేజీ ఫొటో పంపాడు. యాప్ ఆన్‌లో ఉన్నది 10 గంటల 40 నిమిషాలు. ఆర్డర్ మీద తిరిగింది 6 గంటల 15 నిమిషాలు. మిగిలిన 4 గంటల 25 నిమిషాల కింద గీత గీసి రాశాడు: "యే దాదా కే ఖాతే మేఁ లిఖూఁ?"