సోసా–కరీయో–ఫ్రీమాంట్ గృహం: ఒక నామకరణ చరిత్ర

అమెరికా సంయుక్తరాష్ట్రాలలోని అరిజోనా రాష్ట్రానికి చెందిన టూసాన్ సొనోరా ఎడారిలో వెలసిన నగరం. 1775లో స్పానిషు సైనిక స్థావరంగా మొదలై, తరువాత మెక్సికో పాలనలోకి వచ్చి, గాడ్స్‌డెన్ ఒప్పందం మూలంగా 1854లో అమెరికాకు సంక్రమించింది. ఆ నగర నడిబొడ్డున, సువిశాలమైన సమావేశ మందిర సముదాయం పక్కన, చుట్టూ ఉన్న కాంక్రీటుతో ఏమాత్రం పొసగని ఒక మట్టి ఇల్లు ఉన్నది. అదే సోసా–కరీయో–ఫ్రీమాంట్ గృహం. అయితే మ్యూజియంగా దాని తలుపులు తెరిచిన 1972లో ఈ మూడు పేర్లలో చివరిదొక్కటే దానికి ఉండేది. మొదటి రెండు పేర్లు ఎందుకు మరుగున పడ్డాయి, మళ్లీ ఎట్లా వచ్చి చేరాయి అన్నదే ఇక్కడి పరిశీలనాంశం.

ఇంటి నిర్మాణమే దీనికి మొదటి సాక్ష్యం. ఇది సొనోరా పద్ధతిలో కట్టిన పట్టణ గృహం. కాల్చని పచ్చి ఇటుకలతో (అడోబీ) పేర్చిన మందపాటి గోడలు వీధి అంచునే లేస్తాయి. ముందు అరుగు గాని, ఖాళీ జాగా గాని ఉండవు. పగటి ఎండ లోపలికి చేరేసరికి పొద్దు వాలుతుంది. ఆ వెచ్చదనమే ఎడారి రాత్రి చలికి కాపు. వీధి తలుపు నుండి పెరటి వరకు ఇంటి నడుమగా సాగే వెడల్పాటి నడవను స్పానిషులో ‘సగ్వాన్’ అంటారు. గదులన్నీ దానికి అటూ ఇటూ అమరి ఉంటాయి. గాలి రాకపోకలకూ, అతిథి మర్యాదకూ, కుటుంబం కూడి కూర్చోవడానికీ అదే తావు. కప్పులో దూలాలపై సగ్వారో అనే మహావృక్షమంతటి జెముడు యొక్క ఎండిన ఈనెలను దగ్గరదగ్గరగా పరిచారు. ఇటువంటి ఇళ్లలో వాటిపై మట్టి కప్పటం ఆనవాయితీ. రాయలసీమ మట్టిమిద్దెను ఎరిగినవారికి ఈ తర్కం కొత్తకాదు. కలప కరవైన మెట్టనేలలో ఎక్కడివారైనా చేతికందిన చితుకునూ, కాలికిందున్న మట్టినీ నమ్ముకొన్నారు. ఈ గృహంలోని ప్రతి అంగమూ మెక్సికన్ వాస్తు సంప్రదాయానిదే.

యాజమాన్య చరిత్ర కూడా దీనికి అనుగుణంగానే ఉన్నది. 1860లో ఈ స్థలం హోసె మరియా సోసా చేతికి వచ్చింది. 1878లో కరీయో కుటుంబానికి చేరింది. ఆ ఇంటి పెద్ద లియొపోల్దో కరీయో సొనోరా నుండి వచ్చి, సరకు రవాణాలోనూ, ఇళ్ల స్థలాల వ్యాపారంలోనూ ధనం గడించి, టూసాన్ ప్రముఖులలో ఒకడైనాడు. ఎడారి మధ్యలో ఆయన తీర్చిన ఉద్యానం కరీయో తోటలనే పేరుతో ప్రసిద్ధి పొందింది. నేటి రూపంలోని ఇల్లు సుమారు 1880 నాటిది. సరిగ్గా ఆ యేడే రైలు టూసాన్‌కు వచ్చింది. దానితోపాటే తూర్పు రాష్ట్రాల కలప, కాల్చిన ఇటుక, వాలు కప్పుల మోజు దిగుమతి అయ్యాయి. దాని వెంటనే మట్టి ఇల్లు వెనుకబాటుకు గుర్తుగా మారనారంభించింది.

మరి ఫ్రీమాంట్ సంగతి? జాన్ సి. ఫ్రీమాంట్ పశ్చిమ ప్రాంతాల అన్వేషకుడు. 1856లో రిపబ్లికన్ పార్టీ తొలి అధ్యక్ష అభ్యర్థి. 1878 నుండి 1881 వరకు అరిజోనా టెరిటరీ గవర్నరు. కాని ఆ కాలంలో రాజధాని ప్రెస్కాట్, టూసాన్ కాదు. 1881లో ఈ ఇంటిని అద్దెకు తీసుకొన్నది ఆయన కుమార్తె ఎలిజబెత్. అదీ కొద్ది నెలల మాటే. ఆ యేడాదే ఫ్రీమాంట్ పదవి వదులుకొన్నాడు. ఆయన ఇక్కడ నివసించాడనటానికి గట్టి ఆధారం లేదు. కరీయో కుటుంబం మాత్రం ఎనిమిది దశాబ్దాలకు పైగా ఈ ఇంటిని నిలుపుకొన్నది.

1966లో నగర ఓటర్లు పట్టణ పునరుద్ధరణ పథకాన్ని ఆమోదించారు. మరుసటి యేడు నుండి సుమారు 80 ఎకరాలలో కూల్చివేత సాగింది. మెక్సికన్ అమెరికన్లు, చైనీయులు, నల్లజాతివారు కలిసి బ్రతికిన పేటలు, అంగళ్లు నేలమట్టమైనాయి. ఆల్వా టోరెస్ ప్రభృతులు లా ప్లాసిటా కమిటీగా ఏర్పడి తమ పాత కూడలినైనా కాపాడుకోవాలని పోరాడారు. వారికి దక్కింది స్వల్పం. ఈ ఇల్లు మాత్రం దక్కింది, గవర్నరు పేరు చెప్పుకొని. 1971లో జాతీయ చారిత్రక స్థలాల పట్టికకు ఎక్కింది. లిడియా ఒటేరో తన ‘లా కాయే’ (2010) గ్రంథంలో ఈ పరిరక్షణనే ప్రశ్నకు గురిచేశారు: ఇరుగుపొరుగును తుడిచిపెట్టి, మిగిలిన ఒక్క ఇంటికి ఆంగ్లో వీరుని పేరు తగిలించటం విస్మృతిని సంస్థాగతం చేయటమేనన్నది ఆ వాదసారం. ఈ వాదాన్ని కాదనటం కష్టం. అయినా ఒక చిక్కు మిగులుతుంది: నాటి పాలకులకు ‘సోసా’, ‘కరీయో’ అన్న పేర్లు మాత్రమే వినిపించి ఉంటే, ఈ గోడలు నేడు ఉండేవా? పేరు అబద్ధమైనా, అది గోడలను కాచిందన్నది నిజం.

తరువాతి దశాబ్దాలలో సోసా, కరీయో పేర్లు ముందుకు వచ్చి చేరాయి. ప్రెసిడియో కాలపు కుటుంబాల వారసులు స్థాపించుకొన్న ‘లోస్ దెసెందియెంతెస్ దెల్ ప్రెసిడియో దె టూసాన్’ సంస్థ నిర్వహణలో ఇప్పుడా ఇల్లు మెక్సికన్ అమెరికన్ వారసత్వ, చరిత్ర మ్యూజియం. అద్దెకున్నవారి పేరు చాలాకాలం చివర నిలిచింది.