చీపురు నుంచి అర్జీ దాకా: ఎన్.ఎస్.ఎస్. శిబిరాల్లో పౌరసత్వ బోధన

పౌరసత్వ బోధన మీద నేను చూసిన సిద్ధాంత గ్రంథాల్లో చాలావాటిలో పూర్వ పరిశోధనల అధ్యాయం వెస్ట్‌హైమర్, కాన్‌లతో మొదలై వారితోనే ముగుస్తుంది. 2004లో ఈ ఇద్దరు విద్యా పరిశోధకులూ మంచి పౌరుణ్ణి మూడు రకాలుగా విడదీశారు. ఆకలిగొన్నవారికి తిండి ఇచ్చేవాడు బాధ్యత గల పౌరుడు. ఆ సేకరణను దగ్గరుండి నడిపేవాడు భాగస్వామ్య పౌరుడు. అసలు ఆకలి ఎందుకుందని అడిగేవాడు న్యాయదృష్టి గల పౌరుడు. మనవాళ్లు ఈ మూడు గడులూ గీసి, ప్రశ్నావళి పంచి, ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం) విద్యార్థులను మొదటి గడిలో కూర్చోబెట్టి పట్టా పుచ్చుకుంటున్నారు. స్పెషల్ క్యాంపుల్లో విద్యార్థుల వెంట తిరిగిన నాకు ఈ పద్ధతితో మొదట్నుంచీ పేచీయే.

వారి వాదన బలమంతా రెండు అమెరికన్ కార్యక్రమాల పోలికలో ఉంది. ఒకచోట విద్యార్థుల్లో పాల్గొనే శక్తి పెరిగింది గాని కారణాలను ప్రశ్నించే దృష్టి పెరగలేదు. రెండోచోట ప్రశ్న పెరిగింది, పాల్గొనడం పెరగలేదు. కాబట్టి ఒకటి నేర్పితే రెండోది దానంతటదే రాదని తేల్చారు. కాని మొదటి కార్యక్రమంలోని పిల్లలు స్థానిక ప్రభుత్వ సంస్థల పనులకు సాయపడ్డారు. ఆఫీసుకు సాయపడటం వేరు, ఆఫీసును నిలదీయడం వేరు. ఈ తేడాను పట్టుకునే గడి వారి పట్టికలో లేదు. వారు కొలిచింది విద్యార్థి వైఖరిని. అతడు చేసిన పని ఊళ్లో ఎవరి జోలికి వెళ్లిందన్నది వారి కొలతకు అందలేదు.

ఎన్.ఎస్.ఎస్.ను 1969 సెప్టెంబరు 24న అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి.రావు 37 విశ్వవిద్యాలయాల్లో ప్రారంభించారు. ఏటా 120 గంటల చొప్పున రెండేళ్లకు 240 గంటల సేవ, దత్తత గ్రామంలో ఏడు రోజుల క్యాంపు దీని చట్రం. ఆ గంటలన్నీ మొక్కలకూ ర్యాలీలకూ మురుగు కాల్వలకూ సరిపోతాయి. కాల్వ తీసిన పిల్లలను ఆ వీధి ఆడవాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: మీరు వెళ్లాక ఎవరు తీస్తారు? నీరు పోయే దారి లేనప్పుడు పూడిక మళ్లీ పేరుకుంటుంది. దారి తవ్వించడం పంచాయతీ పని. ఈ ప్రశ్న విని కార్యదర్శి దగ్గరికి అర్జీతో వెళ్లిన పిల్లలను చూశాను, విననట్టు ఫొటో దిగి బస్సెక్కినవారినీ చూశాను. పౌరసత్వం మొదటివారికే అబ్బిందని నా అనుమానం.

ఆ అనుమానానికి ఆధారం నెల్లూరు. 1991లో ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. చదువుకున్న యువతీ యువకులు జీతం లేకుండా వాడల్లో రాత్రి బడులు పెట్టారు. వెస్ట్‌హైమర్, కాన్‌ల లెక్కన ఇది మొదటి గడి సేవ, మహా అయితే రెండోది. కాని రాత్రి బడి ఆడవాళ్లకు రోజూ ఒకచోట కూర్చునే వీలు కల్పించింది. తాగొచ్చిన మగవాళ్లు ఆ బడినే చెడగొట్టారు. ఆ బడుల వాచకంలోని సీతమ్మ కథ సారా మీద తిరగబడ్డ ఊరి కథ. అదే జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లో సారాను ఆపించారు. వారి కథ మళ్లీ ఇంకో పాఠమై ఇతర ఊళ్లకు పాకింది. 1992లో సారా వేలం పాటలను మహిళలు అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అక్షరం దిద్దించడానికి వచ్చిన సేవ రెండేళ్లు తిరగకముందే ఎక్సైజు ఆదాయం మీదికి వెళ్లింది. మూడు గడుల మధ్య గోడలుంటే ఈ దారి ఎలా ఏర్పడింది? పాల్గొనడమూ ప్రశ్నించడమూ ఇక్కడ విడివిడిగా నేర్చుకున్న విద్యలు కావు. పని అడ్డంకిని తాకినచోట ఒకటే రెండోది అయింది. ఆ పోరాటం మహిళలదే గాని వాలంటీర్లది కాదనీ, సంఘాల, పార్టీల పాత్రను మరవరాదనీ అభ్యంతరం ఉంది. అది న్యాయమే, కాని నా ప్రశ్న పోరాటం ఎవరిదని కాదు, సేవ ఎక్కడికి దారితీసిందని.

సేవను ప్రశ్న దాకా తీసుకెళ్లని క్యాంపుల లోటే బడిలోనూ ఉంది. రాజ్యాంగం 51ఎ అధికరణంలోని ప్రాథమిక విధులు 1976లో పది, 2002లో పదకొండు అయ్యాయి. పరీక్షకు పదకొండూ వరసగా అప్పజెప్పే పిల్లవాడికి గ్రామసభలో లేచి మాట్లాడటం ఎవరూ నేర్పరు, సమాచార హక్కు దరఖాస్తు ఎవరికి పెట్టాలో చెప్పరు. పాఠ్యపుస్తకాలు మారినా ఈ జబ్బు మానదు. పౌరుడయ్యేది అడిగినప్పుడు, అడిగినదానికి జవాబు కోసం రెండోసారి వెళ్లినప్పుడు. సేవలో ఈ రెండో రాకపోక లేకపోతే అది దానధర్మమే.

కాబట్టి ఏటా చేసే 120 గంటల్లో మూడోవంతు అర్జీలకు కేటాయించాలి. సోమవారం గ్రీవెన్సులో పెట్టిన అర్జీకి ఇచ్చిన రసీదు జతచేయనిదే సర్టిఫికెట్ ఇవ్వకూడదు. పరిశోధకులు కూడా ప్రశ్నావళులు పక్కనపెట్టి, క్యాంపు ముగిసిన ఏడాదికి ఆ ఊరి పంచాయతీ రికార్డులు తిరగేయాలి. విద్యార్థులు పెట్టిన అర్జీ అందులో కనిపిస్తే పౌరసత్వ బోధన జరిగినట్టు. కనిపించకపోతే ఆ ఏడు రోజులూ జరిగింది శ్రమదానం మాత్రమే.