పెరటి పాకలో అత్తయ్య

మా అమ్మమ్మగారిల్లు అనకాపల్లిలో, బెల్లం మార్కెట్‌కి నడిచి వెళ్ళేంత దూరం. పెంకుటిల్లు. ముందు చిన్న సావిడి, నట్టిల్లు, వంటిల్లు, అంతే. సెలవులకి వెళ్తే పదకొండుమందిమి. రాత్రి నట్టింట్లో చాపలు అంచుకి అంచు ఆనించి పరిచేవారు. మంచినీళ్ళకి లేస్తే ఎవరి జడో, కాలో తొక్కాల్సిందే. పిల్లలం కదా, మాకదంతా సరదా.

ఆ ఇంట్లో మేం చూడని మనిషి ఒకావిడ ఉన్నారు. మా పెద్దమామయ్య మొదటి భార్య. నేను పుట్టకముందు, 1968 ప్రాంతంలో సంగతి. విడవని దగ్గు. కట్టెల పొయ్యి పొగ వల్లే అనుకుని నెలల తరబడి ఊరుకున్నారట. తీరా చూస్తే క్షయ. పెరటి పాకలో మంచం వేశారు. కంచం వేరు, గ్లాసు వేరు. రెండేళ్ళ మా బావని దూరం నుంచే చూసుకునేదట. తర్వాత పుట్టింటికి పంపేశారు. మళ్ళీ రాలేదు.

"ఇరుకిల్లు, ఇంతమంది పిల్లలు, ఏం చేస్తాం మరి?" అనేది అమ్మ. చాలాకాలం నేనూ అదే నిజమనుకున్నాను.

క్షయకి కారణం ఒక సూక్ష్మక్రిమి అని జర్మనీలో రాబర్ట్ కాక్ 1882లో కనిపెట్టాడు. రోగి దగ్గినప్పుడు అది గాలిలో కలుస్తుంది. కిటికీ లేని గదిలో ఆ గాలే అందరూ పీల్చాలి. అందుకే ఇరుకిళ్ళంటే దానికి అంత అనువు. మందులు లేని రోజుల్లో మంచి గాలి, తిండి, విశ్రాంతే వైద్యం. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం అలా వచ్చిందే. కానీ ఉన్న మంచాలెన్ని, రోగులెందరు?

1950ల్లో మంచి మందులొచ్చాక డాక్టర్లకి ఒక సందేహం వచ్చింది. ఒక్క గదిలో కాపురముండే పేదవాళ్ళకి ఇంట్లోనే మందులిస్తే నయమవుతుందా? పక్కన పడుకునే పిల్లలకి అంటుకోదా? అది తేల్చడానికి 1956లో మద్రాసులో పరిశోధన మొదలుపెట్టారు. నగరంలోని ఇరుకిళ్ళ నుంచి 193 మంది రోగులని తీసుకుని కొందరిని శానిటోరియంలో ఉంచారు, మిగతావాళ్ళకి ఇంట్లోనే ఏడాదిపాటు మందులిచ్చారు.

1959లో ఫలితాలొచ్చాయి. ఇంట్లో ఉన్నవాళ్ళకీ దాదాపు అంతే బాగా నయమైంది. ఇంటివాళ్ళని ఐదేళ్ళు పరీక్షిస్తూ వచ్చారు. రోగి ఇంట్లోనే ఉన్నందువల్ల వాళ్ళకి జబ్బు ఎక్కువేమీ రాలేదు. అంటుకునేది చాలావరకు మందులు మొదలుపెట్టకముందే అంటుకుంటుందని తేలింది.

అంటే మా ఇంట్లో ప్రమాదం అత్తయ్యని పాకలోకి పంపకముందు గడిచిన ఆ నెలల్లో ఉంది. అప్పుడు ఆవిడ అందరి మధ్యా పడుకుని, అందరికీ వండిపెడుతూ దగ్గుతోంది. ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకున్నాక మందుల కంటే ముందు కంచం వేరు చేశారు. క్షయ కంచాల వల్ల రాదు. మద్రాసులో ఈ సంగతి తేలి అప్పటికి తొమ్మిదేళ్ళు.

అలాగని ఇరుకిల్లు ఫరవాలేదని కాదండీ. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో నూటికి 37 కుటుంబాలు ఒక్క గదిలోనే ఉన్నాయి. పిల్లల చదువు, నిద్ర, ఆడవాళ్ళు చీర మార్చుకునే చాటు, అన్నీ అక్కడే సర్దుకోవాలి. 2020లో కరోనా వచ్చి "వేరే గదిలో ఉండండి" అన్నప్పుడు రెండో గది లేనివాళ్ళు ఏం చేయగలరు?

ఇల్లు పెంచుకోవడం మన చేతిలో లేకపోవచ్చు. పగలు కిటికీలు తెరవగలం. రెండు వారాలు దాటిన దగ్గుని, ముఖ్యంగా "నాకేంలే" అనుకునే మన దగ్గుని, పరీక్ష చేయించగలం. ప్రభుత్వాసుపత్రిలో పరీక్షా, మందులూ ఉచితమే.

మొన్న బావ వచ్చినప్పుడు ఈ మద్రాసు సంగతి చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అమ్మ ఫొటో ఏమైనా ఉందా మీ ఇంట్లో?" అని అడిగాడు. వెతికాను. లేదు.